మెదడులోని సంధి – మా ఊరి కల్లు లొట్టి



‘మత్తు’ అనే చిన్న మాట వెనుక పెద్ద కుటుంబమే ఉన్నది. సంస్కృతంలోని ‘మద్’ ధాతువు నుండి మత్త శబ్దం పుట్టింది. దానికి ఉపసర్గలు చేరగా ఉన్మత్తుడు, ప్రమత్తుడు అనే మాటలు వచ్చినవి. ప్రమత్తుడు కానివాడు అప్రమత్తుడు. రహదారి పక్కన ‘అప్రమత్తంగా ఉండండి’ అని బోర్డు కనిపించినప్పుడు, ధాత్వర్థాన్ని పట్టి చూస్తే, అది మనతో చెప్పేది ‘మత్తులో ఉండకండి’ అనే. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు ఈ వ్యుత్పత్తి చెప్పినాను. ఆ ధాతువు మనిషి తలలో ఎక్కడ పని చేస్తుందో తెలుసుకోవాలనే కోరిక మాత్రం చాలా ఆలస్యంగా కలిగింది. అది కలగడానికి కారణం మా ప్రాంతమే.

ఒక తెలుగు పండితుడు జన్యువుల గురించి, మెదడులోని గ్రాహకాల గురించి టపా వ్రాయడమేమిటని కొందరు మిత్రులు నవ్వుకోవచ్చు. ఛందస్సు గురించి వ్రాస్తే పది వ్యాఖ్యలు, సైన్సు గురించి వ్రాస్తే రెండు వ్యాఖ్యలు వచ్చే మన లోకంలో ఇది లాభసాటి బేరం కాదని నాకూ తెలుసు. అయినా వ్రాస్తున్నాను. ఎందుకంటే ఒకే పదార్థం మా చుట్టుపక్కల తయారవుతున్నది, మా చుట్టుపక్కలే తాగబడుతున్నది, మా చుట్టుపక్కల మనుషుల మెదడులోనే ఒక ప్రోటీను సందులో కూర్చుంటున్నది. ఇంత దగ్గరి విషయాన్ని దూరపు శాస్త్రమని వదిలివేయడం నాకు ఉచితంగా తోచలేదు. ఆ పదార్థం పేరు అల్ప్రాజోలం.

ముందు స్థలపురాణం కొంత చెప్పుకుందాం. హైదరాబాదు బాలానగరులో ఐడీపీఎల్ ఔషధ కర్మాగారం వెలసిన తరువాత, అందులో పని నేర్చిన రసాయన శాస్త్రజ్ఞులు బయటకు వచ్చి సొంత సంస్థలు పెట్టుకున్నారు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, జిన్నారం, గుమ్మడిదల, బొంతపల్లి.. ఒకప్పుడు జొన్న చేలుగా ఉన్న ఈ ఊళ్ళ పొలిమేరలు ముడి ఔషధాల కర్మాగారాలతో నిండినవి. జొన్నల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ సంస్థ 1972లో ఈ పటాన్‌చెరుకే వచ్చింది. ఒక గోడకు అటు జొన్న వంగడాలు, ఇటు గోలీలలోకి వెళ్ళే పొడులు. ప్రపంచానికి చవకగా మందులు అందించిన ప్రాంతమిది, ఆ గౌరవాన్ని తగ్గించి చెప్పను. నా విద్యార్థులలో సగం మంది ఇళ్ళలో పొయ్యి వెలిగింది ఆ షిఫ్టుల జీతంతోనే. దానికి చెల్లించిన మూల్యమూ ఉన్నది. 2007లో స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం, పటాన్‌చెరులోని ఉమ్మడి శుద్ధి కేంద్రం నుండి బయటకు వచ్చే నీటిని పరీక్షించి, అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని ప్రకటించింది. ఇక్కడ మందు గోలీలోనే ఉండదు, వాగులోనూ ఉంటుంది. కల్లులోనూ ఉంటుంది.

ఇక కల్లు. తెలంగాణ పల్లెలో కల్లు అంటే పండుగ, చావు, చుట్టరికం, సాయంత్రపు ముచ్చట. ఈత చెట్టు, తాటి చెట్టు, మోకు, ముస్తాదు, లొట్టి.. ఈ మాటలు లేకుండా మా జానపద వాఙ్మయం లేదు. గీత కార్మికుడు ప్రాణం మోకుకు కట్టుకొని చెట్టెక్కి దించేది నిజమైన కల్లు. కాని చెట్టు ఇచ్చేది రోజుకు కొద్ది లీటర్లే. ఊళ్ళు పెరిగినవి, ప్లాట్లు పడినవి, ఈత వనాలు పోయినవి. తాగేవారు తగ్గలేదు. ఉన్న కల్లులో నీళ్ళు కలిపితే తీపి పోతుంది, మత్తు పోతుంది. తీపి కొరకు సాక్రిన్ కలిపినారు. మత్తు కొరకు మొదట క్లోరల్ హైడ్రేట్, తరువాత డయాజెపాం, ఆ తరువాత అల్ప్రాజోలం కలపడం మొదలైంది. ఇది చెట్టెక్కే గౌడన్న చేసిన పని అనుకుంటే అన్యాయం. పొడి తయారుచేసేవాడు ఒకడు, చేరవేసేవాడు ఒకడు, దుకాణం నడిపేవాడు ఒకడు. చెట్టు మీద ఉన్నవాడి బేరమే వీరి వల్ల ముందుగా దెబ్బ తిన్నది.

హైదరాబాదు నగరంలో 2004లో కల్లు దుకాణాలు మూసివేసినారు, 2014లో మళ్ళీ తెరిచినారు. 2015లో కల్తీ మీద అధికారులు గట్టిగా దాడులు చేసినప్పుడు ఒక విచిత్రం జరిగింది. నిజామాబాదు, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాలలో జనం కుప్పలుగా ఆసుపత్రులకు రాసాగినారు. కల్లు తాగినందుకు కాదు, కల్లులోని మందు దొరకనందుకు! చేతులు వణకడం, చెమటలు, లేనివి కనిపించడం, పిచ్చి మాటలు, మూర్ఛలు.. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల పేరు ఆ రోజులలో పత్రికల నిండా కనిపించింది. మళ్ళీ పదేళ్ళకు, 2025 జూలైలో, కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ఆసుపత్రుల పాలయినారు. కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. అప్పుడూ బయటపడిన పేరు అల్ప్రాజోలమే. విషం ఉన్నా ప్రమాదమే, హఠాత్తుగా లేకపోయినా ప్రమాదమే. ఇటువంటి వస్తువు ఇంకేమున్నది?

2015 నాటి సంగతి నేను పత్రికలో చదివి ఊరుకోలేదు, మా బడిలోనే చూచినాను. తొమ్మిదవ తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. పద్యం ఒకసారి వింటే అప్పగించేది. మూడు రోజులు బడికి రాలేదు. నాలుగవ రోజు పొద్దున మా ఇంటి గేటు దగ్గర నిలబడి ఉన్నది.

“సారూ, మా అయ్యకు గాలి సోకిందట. రాత్రంత గోడ మీద చీమలు పాకుతున్నయని గీకుతుండు. మా నాయనమ్మ మంత్రగాన్ని పిలిపిచ్చింది. జర మీరొచ్చి చెప్పుండ్రి సార్, దవకానకు కొంటవోదామని.”

వెళ్ళినాను. లోడింగు పని చేసే మనిషి. బలమైన శరీరం. ఆ శరీరం మంచం మీద ఆకులా వణుకుతున్నది. నేను గుమ్మం దాటేలోపే కాళ్ళు చేతులు బిగుసుకొని మూర్ఛ వచ్చింది. ఆ పిల్ల తండ్రి తలను ఒడిలో పెట్టుకొని కూర్చున్న తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లున్నది. ఆటోలో సర్కారు దవాఖానకు చేర్చినాము. అక్కడి యువ వైద్యుడు ఏదో సూది వేయగానే మూర్ఛ ఆగింది. ఏం సూది అని అడిగితే ఆయన చెప్పిన జవాబు నన్ను నిలువునా ఆపివేసింది. “కల్లులో కలిపేది ఏ జాతి మందో, ఇదీ ఆ జాతి మందే సార్. అక్కడ లెక్క లేదు, ఇక్కడ లెక్క ఉన్నది. నెమ్మదిగా తగ్గించుకుంటూ వస్తాము” అన్నాడు.

జబ్బూ అదే, మందూ అదేనా? ఈ ప్రశ్న నన్ను వదలలేదు. పదవీ విరమణ తరువాత తీరిక దొరికినది కనుక, కొడుకు కొనిచ్చిన కంప్యూటరు ముందు కూర్చొని, తెలిసిన వైద్య మిత్రులను విసిగించి, నెమ్మదిగా చదువుకున్నాను. చదివినకొద్దీ నా వ్యాకరణమే నాకు కనిపించింది.

మెదడులో నాడీకణాలు కోటానుకోట్లు. ఒకదానికొకటి అతుక్కొని ఉండవు, నడుమ సన్నని ఖాళీ ఉంటుంది. మన పాఠ్యపుస్తకాలలో దానికి పెట్టిన పేరు ‘నాడీకణ సంధి’. ఆ పేరు పెట్టిన అనువాదకునికి చేతులెత్తి మొక్కాలి. ఒక కణం చివర నుండి రసాయనం వెలువడి, సంధిని దాటి, అవతలి కణం మీది గ్రాహకాన్ని తాకుతుంది. ఆ రసాయనాలలో రెండు ముఖ్యమైనవి. గ్లుటమేట్ ‘లే, పలుకు’ అని ప్రేరేపిస్తుంది. గాబా ‘ఆగు, ఊరుకో’ అని నిలుపుతుంది. గాబా పూర్తి పేరు గామా అమైనో బ్యుటిరిక్ ఆమ్లం. మెదడులో అది ఉన్నదని 1950లో గుర్తించినారు. చిత్రమేమిటంటే గాబా తయారయ్యేది గ్లుటమేట్ నుండే! గ్లుటమేట్‌లోని ఒక కొస నుండి బొగ్గుపులుసు వాయువు ఊడిపోతే చాలు, అది గాబా అవుతుంది. ఒక మాత్ర తగ్గితే గురువు లఘువైనట్లు, ఒక కొస ఊడితే ప్రేరకం నిరోధకమవుతున్నది.

గాబాను అందుకొనే ముఖ్య గ్రాహకం ఒక తలుపు వంటిది. ఐదు ప్రోటీను ముక్కలు గుండ్రంగా నిలబడి, నడుమ ఒక రంధ్రం వదులుతాయి. గాబా వచ్చి తాకితే రంధ్రం తెరుచుకొని క్లోరైడు అయానులు లోనికి పోతాయి. కణం శాంతిస్తుంది. ఈ ఐదు ముక్కలకు కావలసిన జన్యువులు మనిషిలో 19 ఉన్నవి. ఆల్ఫాలు ఆరు, బీటాలు మూడు, గామాలు మూడు, డెల్టా, ఎప్సిలాన్, థీటా, పై ఒక్కొక్కటి, రోలు మూడు. వీటిలో కొన్ని జన్యువులు గుంపులుగా, ఐదవ క్రోమోజోము మీద నాలుగు, నాల్గవ దాని మీద నాలుగు, పదునైదవ దాని మీద మూడు, ఇరుగుపొరుగు ఇళ్ళవలె ఉన్నవి. ఒకే పూర్వికుడైన జన్యువు పలుమార్లు ప్రతులై, ప్రతి ప్రతిలోనూ కొద్ది కొద్ది పాఠభేదాలు వచ్చి ఈ వంశం ఏర్పడింది. తాళపత్ర ప్రతులను పోల్చి పాఠ పరిష్కరణ చేసినవారికి ఇది కొత్త కాదు!

మూడు అక్షరాల గణాలు ఎనిమిదే అయినా వాటి కూర్పుతో ఎన్ని వృత్తాలో చూడండి. ఇక్కడా అంతే. మెదడులో ఎక్కువగా కనిపించే కూర్పు రెండు ఆల్ఫాలు, రెండు బీటాలు, ఒక గామా. ఈ జన్యువులలో మొదటి రెండింటి పాఠాన్ని 1987లో ఎరిక్ బర్నార్డ్, పీటర్ సీబర్గ్ మొదలైనవారు చదివినారు. 1989లో సీబర్గ్ బృందం గామా–2 అనే ముక్కను కనుగొన్నది. అది లేకపోతే తలుపు గాబాకు తెరుచుకుంటుంది కాని డయాజెపాం వంటి మందులను లెక్కచేయదు.

ఎందుకంటే, గాబా కూర్చునేది ఆల్ఫా, బీటాల నడుమ అతుకులో. ఈ మందులు కూర్చునేది ఆల్ఫా, గామాల నడుమ అతుకులో. అంటే సంధిస్థానంలో! రెండు పదాలు విడివిడిగా ఉన్నప్పుడు లేని చోటు, అవి కలిసినప్పుడే ఏర్పడే చోటు. అక్కడ కూర్చున్న మందు తలుపును తానై తెరవదు. గాబా తట్టినప్పుడు తలుపు మరింత తరచుగా తెరుచుకొనేటట్లు చేస్తుంది. 2019లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు అతిశీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఈ గ్రాహకం చిత్రాలను ప్రకటించినారు. ఆ చిత్రాలలో డయాజెపాంతో పాటు అల్ప్రాజోలం కూడా ఆ సందులో ఒదిగి కూర్చొని కనిపిస్తుంది. మా వైపు లొట్టెలలో కలిసిన ఆ పొడి ముఖాన్ని నేను మొదటిసారి చూసింది ఆ బొమ్మలోనే.

ఇంకొక్క విషయం చెప్పి శాస్త్రాన్ని ముగిస్తాను. ఇది వ్యాకరణం చదివినవారికి తప్పక రుచిస్తుంది. ఆగమం మిత్రుని వలె వచ్చి పక్కన చేరుతుందనీ, ఆదేశం శత్రువు వలె వచ్చి ఉన్నదాన్ని తొలగించి ఆ చోట కూర్చుంటుందనీ మన గురువులు చెప్పేవారు కదా! ఆల్ఫా–1 ముక్కలో 101వ స్థానంలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఉన్నది. జన్యు లిపిలో ఒకే ఒక అక్షరం మారితే, అక్కడ ఆర్జినిన్ ఆదేశంగా వస్తుంది. 1999లో జ్యూరిక్ నగరంలో ఊవె రుడాల్ఫ్, హాన్స్ మోలర్ బృందం ఎలుకలలో ఈ మార్పు చేసి చూసింది. ఆ ఎలుకలకు డయాజెపాం ఇస్తే మగత రాలేదు, భయం మాత్రం తగ్గింది. మరుసటి ఏడు ఆల్ఫా–2లో అటువంటి మార్పే చేస్తే భయం తగ్గలేదు. అంటే మగతకు ఒక ఆల్ఫా, అభయానికి మరొక ఆల్ఫా! 2010లో జెనీవా పరిశోధకులు మరొక సంగతి తేల్చినారు. ఈ మందులు వ్యసనంగా మారడానికీ ఆ ఆల్ఫా–1 ఉన్న గ్రాహకాలే దారి. మెదడులో సంతోషాన్ని పలికించే డోపమిన్ కణాలకు కాపలాగా కొన్ని కణాలుంటాయి. మందు మొదట కాపలావాణ్ణి నిద్రపుచ్చుతుంది. కాపలా నిద్రపోతే లోపలి కణాలు అదుపు లేక చెలరేగుతాయి. ‘మద్’ ధాతువు చిరునామా నాకు అక్కడ దొరికింది.

ఇప్పుడు ఆ అమ్మాయి తండ్రి దగ్గరకు వద్దాం. రోజూ సాయంత్రం ఎంత మోతాదో తెలియని మందు మెదడుకు చేరుతుంటే మెదడు ఊరుకోదు. దానికి సమస్థితి కావాలి. ‘ఆగు’ అనే గొంతు ఎవరో బయటి నుండి పెంచుతున్నారు కనుక, తన సొంత గ్రాహకాల స్పందనను తగ్గించుకుంటుంది. ‘లే’ అనే గ్లుటమేట్ పక్షాన్ని బలపరచుకుంటుంది. అందుకే నిన్నటి సీసా ఇవాళ చాలదు. అటువంటి స్థితిలో ఒక్క రోజు దుకాణం మూతపడితే, బయటి గొంతు హఠాత్తుగా ఆగిపోతుంది. లోపలి ‘ఆగు’ బలహీనంగా ఉన్నది, ‘లే’ మాత్రం కేకలు వేస్తున్నది. ఆ కేకే చీమల బారు, ఆ కేకే మూర్ఛ. అల్ప్రాజోలం శరీరం నుండి తొందరగా దిగిపోయే జాతి కనుక కేక మరీ తొందరగా మొదలవుతుంది. గాలీ లేదు, ధూళీ లేదు. అదే జాతి మందును కొలిచి ఇచ్చి, మెట్టు మెట్టుగా దించితే మెదడు తన గొంతును తాను తిరిగి తెచ్చుకుంటుంది. ఆ యువ వైద్యుడు చేసింది అదే.

మూర్ఛకూ ఈ తలుపుకూ ఉన్న సంబంధం కల్లుతోనే ఆగదు. 2001లో ఆస్ట్రేలియాలో ఒక కుటుంబంలోను, ఫ్రాన్సులో ఒక కుటుంబంలోను తరతరాలుగా వస్తున్న మూర్ఛలకు కారణం వెదకగా, రెండు చోట్లా గామా–2 జన్యువులోనే ఒక్కొక్క అక్షరదోషం బయటపడింది. ఒక చుక్క కల్లు తాగని పసిపిల్లలకు జ్వరం వస్తే మూర్ఛ వస్తున్నది, ఆ దోషం వలన. మనిషి తాను కోరి తెచ్చుకున్నదీ, పుట్టుకతో వచ్చినదీ ఒకే తలుపు దగ్గర కలుసుకుంటున్నవి. ఇది తెలిసిన తరువాత నాకు ‘తాగుబోతు’ అని ఒక మనిషిని తీసిపారవేయడం సాధ్యం కావడం లేదు.

తాగుబోతు కానివారి సంగతీ చెప్పాలి. మా ఇంట్లోనే ఆ గోలి ఉండేది. మా అత్తగారు పోయిన తరువాత నా భార్యకు నిద్ర పట్టేది కాదు. వైద్యుడు పావు మిల్లీగ్రాము అల్ప్రాజోలం వ్రాసినారు. వారాల కొరకు వ్రాసినది, ఆమెకు దిగులు తీరక, మూడేళ్ళు సాగింది. ఒక రాత్రి గోలీలు అయిపోయి దొరకలేదు. “కండ్లు మూస్తే తలలో లైట్లన్నీ ఒక్కసారి వేసినట్లుంది” అన్నది. ఏనాడూ గడప దాటి కల్లు వాసన ఎరగని మనిషి. ఆమె అన్న మాటా, ఆ లోడింగు మనిషి గోడ మీద చూసిన చీమలూ ఒకే వాక్యానికి రెండు పాఠాంతరాలు. వైద్యుని సలహాతో ఎనిమిది నెలలు పట్టింది మానడానికి. బ్లేడుతో గోలీని సగం, పావు, ఇంకా చిన్న ముక్కగా కోసి, క్యాలెండరు మీద గుర్తు పెట్టుకుంటూ దించినాము. ఇద్దరు మనుషులు, ఒకే మందు. ఒకరికి చీటీ ఉన్నది, మోతాదు ఉన్నది, బ్లేడు ఉన్నది, క్యాలెండరు ఉన్నది. మరొకరికి అవేవీ లేవు. తేడా శీలంలో లేదు, కొలతలో ఉన్నది.

ఈ మందుల పుట్టుకా తెలుసుకోదగినదే. లియో స్టెర్న్‌బాక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అమెరికాలోని రోష్ కంపెనీలో పని చేస్తూ ఈ జాతిలో మొదటి మందును తయారుచేసినాడు. అది 1960లో లిబ్రియం పేరుతోను, దాని తమ్ముడు 1963లో వేలియం పేరుతోను అంగడికి వచ్చినవి. మెదడులో ఇవి కూర్చునే చోటు ఉన్నదని తెలిసింది 1977లో. చోటు తెలియకముందే పదిహేడేళ్ళు ప్రపంచమంతా ఈ గోలీలు మింగింది. అల్ప్రాజోలం అమెరికాలో 1981లో అనుమతి పొందింది. మూర్ఛ ఆపేది ఈ జాతే, శస్త్రచికిత్సకు ముందు భయం తీర్చేది ఈ జాతే. మందు దుష్టమైనది కాదు. కొలత తప్పడమే దుష్టం. పైగా కల్లులోని సారాయీ ఇదే గ్రాహకాన్ని అటు పక్క నుండి నొక్కుతుంది. రెండూ కలిస్తే మనిషి నిద్రలోనే ఊపిరి మరచిపోతాడు.

ఆ అమ్మాయి ఇప్పుడు పెద్దదైంది. బీఎస్సీ చదివి, ఒక ఔషధ కర్మాగారంలో నాణ్యత పరీక్షల ప్రయోగశాలలో పని చేస్తున్నది. పోయిన దసరాకు జమ్మి ఆకు పెట్టడానికి ఇంటికి వచ్చింది. నేను చదివినదంతా ఆమెకు చెప్పినాను, పంతులు కదా, ఊరుకోలేను. శ్రద్ధగా విని, తరువాత ఒక మాట అన్నది.

“సార్, మా ల్యాబుల ఒక్క మిల్లీగ్రాము అటిటైతే బ్యాచంత ఆపేస్తరు. కాయితం మీద సంతకం లేకుంట గింత పొడి కూడ గేటు దాటది. మా అయ్య తాగిన దాంట్ల ఎంత ఏసిండ్రో ఎవ్వలికి ఎరుక? చేతితోని ఏసిండ్రో, చెంచతోని ఏసిండ్రో..”

నేను కాగితం తీసి లెక్క వేసినాను. పావు మిల్లీగ్రాము గోలి లెక్కన ఒక్క కిలో అల్ప్రాజోలంలో నలభై లక్షల గోలీలకు సరిపడా మందు ఉన్నది. మాదకద్రవ్యాల చట్టం 1985 క్రిందికి వచ్చే పదార్థమిది. వంద గ్రాములు దాటితే ‘వాణిజ్య పరిమాణం’, శిక్ష కఠినం. ఆ వంద గ్రాములంటే నాలుగు లక్షల గోలీలు. మా జిల్లా పరిధిలో దొంగచాటు షెడ్లలో ఈ పొడి కిలోల లెక్కన పట్టుబడినదని పత్రికలలో మళ్ళీ మళ్ళీ చదువుతూనే ఉన్నాము. నలభై లక్షల మోతాదులను చెంచాతో కలిపేవాడి చేతిలో మిల్లీగ్రాముకు అర్థమేమిటి? లొట్టి అడుగున మిగిలిన గుక్కలో ఎంత ఉన్నదో బ్రహ్మకైనా తెలుస్తుందా?

“అయ్య ఇప్పుడెట్లున్నడమ్మా?” అని అడిగినాను.

“ఇయ్యాల్టికైతే తాగలేదు సార్” అన్నది. మానినాడు అని ఆమె అనదు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. దవాఖాన నుండి వచ్చిన రెండు నెలలకు ఆయన మళ్ళీ దుకాణానికి వెళ్ళినాడు, మళ్ళీ మానినాడు, మళ్ళీ వెళ్ళినాడు. మెదడు వ్రాసుకున్న పాఠం ఒక్కసారి దిద్దితే పోదు. పిల్లల వ్రాతను దిద్దినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

నాకు తోచినవి మూడు మాటలు చెప్పి విరమిస్తాను. మొదటిది, కల్తీ మీద దాడులు జరగవలసిందే, కాని దుకాణం మూసిన రోజే పక్కన వైద్యశిబిరం తెరవాలి. 2015లో మన జిల్లాలు నేర్పిన పాఠం అది. రెండవది, రోజూ కల్లు తాగే మనిషి గాని, ఏళ్ళుగా నిద్రగోలి మింగే మనిషి గాని పౌరుషానికి పోయి ఒక్కనాడే మానవద్దు, వైద్యుని చెంతకు వెళ్ళి మెట్టు మెట్టుగా దిగాలి. వణుకు, చీమలు, మూర్ఛ కనిపిస్తే మంత్రగాని కొరకు గాక ఆటో కొరకు పరుగెత్తాలి. ప్రభుత్వం వారి టెలీ మానస్ సంఖ్య 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడుతారు. మూడవది మన వంటివారి పని. ఈ శాస్త్రం మన భాషలో లేకపోతే ఆ చోటును ‘గాలి సోకింది’ అనే మాట ఆక్రమిస్తుంది. ఖాళీగా వదిలిన స్థానంలోకి ఆదేశం శత్రువు వలెనే వస్తుంది.

కనుక మిత్రులకు ఒక విన్నపం. రిసెప్టారుకు గ్రాహకం అనే మాట ఉన్నది, బాగున్నది. ఆ ఐదు ముక్కలలో ఒక్కొక్కదాన్ని నేను ‘ముక్క’ అనే వ్రాసినాను. సబ్‌యూనిట్‌కు ‘ఉపాంగం’ అనవచ్చునా, ‘దళం’ అనవచ్చునా? ఐదు రేకులు కలిసి నడుమ ఒక రంధ్రాన్ని వదిలే ఆకారం కనుక నా మొగ్గు దళం వైపే ఉన్నది. వైద్యులు, శాస్త్రజ్ఞులు అయిన బ్లాగ్మిత్రులు కొందరున్నారు, వారూ, పదనిర్మాణంలో ఆసక్తి కలవారూ వ్యాఖ్యలలో తెలుపగలరు. కుదిరిన మాటను ఆ అమ్మాయికి పంపుతాను. బస్తీ బడి పిల్లలకు ఆదివారాలు ఆమె ఇవన్నీ చెబుతున్నదట, మాటలు చాలడం లేదట.

స్వస్తి.